ట్యాంకు నమూనాలు – మన మాజీ సైనికుల జ్ఞాపకాలు

పోయిన సంవత్సరపు జమాఖర్చుల పట్టికలో ‘నమూనాల సామగ్రి’ అనే పద్దు చూసి కొందరు దాతలు మమ్మల్ని అడిగారు. పిల్లల ఫీజులకు, వితంతువుల పింఛన్లకు, మందులకు ఇచ్చే సొసైటీ బొమ్మ ట్యాంకులకు ఎందుకు ఖర్చుపెట్టింది అని. అడగవలసిన ప్రశ్నే. ముందుగా ఒక మాట స్పష్టం చేస్తున్నాం: ఆ పద్దుకు జకాత్ నిధి నుంచి గానీ ఫీజుల నిధి నుంచి గానీ ఒక్క రూపాయి వాడలేదు. ఆ పని కోసమే ఒక కుటుంబం విడిగా ఇచ్చిన సొమ్ము అది. ఇక ఆ పని ఏమిటో, దానివల్ల ఏం జరుగుతున్నదో వివరంగా చెప్పడం మా బాధ్యత. అందుకే ఈ వ్యాసం.

మన హాస్టల్ పిల్లలు ఆదివారాల్లో అట్ట, ప్లాస్టిక్, గమ్ముతో యుద్ధ ట్యాంకుల నమూనాలు చేస్తున్నారు. కొలత తప్పకుండా చేస్తున్నారు. అవి తయారైన తరువాత, ఒకప్పుడు అలాంటి ట్యాంకుల్లో పనిచేసిన పెద్దల దగ్గరికి తీసుకువెళ్ళి, నమూనా వారి చేతికిచ్చి, వారు చెప్పేది రికార్డు చేస్తున్నాం. ఇందులో మొదటి సగం లెక్కల పాఠం. రెండో సగం కోసమే మొదటి సగం.

లెక్క ఇలా ఉంటుంది. ప్రపంచంలో ట్యాంకు నమూనాలు చేసేవారిలో ఎక్కువమంది వాడే కొలత ముప్పై అయిదో వంతు. అంటే అసలు ట్యాంకులో 35 సెంటీమీటర్లు నమూనాలో ఒక్క సెంటీమీటరు. ఇంత వింత అంకె ఎక్కడినుంచి వచ్చిందని పిల్లలు మొదటి రోజే అడిగారు. జపానుకు చెందిన టామియా సంస్థ 1960ల మొదట్లో జర్మన్ పాంథర్ ట్యాంకు నమూనా తయారు చేసింది. అది మోటారుతో నడిచేది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత పెద్దదిగా చేశారు. తరువాత కొలిచి చూస్తే అది దాదాపు ముప్పై అయిదో వంతు ఉంది. ఆ నమూనా బాగా అమ్ముడుపోవడంతో తక్కిన ట్యాంకులూ అదే కొలతలో చేశారు, మిగతా కంపెనీలూ అదే పట్టుకున్నాయి. బ్యాటరీ సైజు ప్రపంచానికి కొలబద్ద అయిందన్నమాట!

ఆ కొలతలో అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి సరిగ్గా అయిదు సెంటీమీటర్లు. 1965 యుద్ధంలో మన సైన్యం వాడిన సెంచూరియన్ ట్యాంకు ఫిరంగితో కలిపి దాదాపు 28 సెంటీమీటర్లు, వెడల్పు తొమ్మిదిన్నర పైచిలుకు. చక్రాలకు కోటు గుండీలు సరిపోతాయి. షెర్మన్ ట్యాంకు చక్రాలు చిన్నవి, వాటికి షేర్వాణీ గుండీలు చాలు. షెర్మన్ పక్క ఉక్కు మందం 38 మిల్లీమీటర్లు. నమూనాలో అది మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ, అంటే పిల్లల లాంగు నోట్‌బుక్కు గట్టి అట్టంత. ఈ సంగతి తెలిశాక ఒక అబ్బాయి ఆ అట్టను రెండు వేళ్ళ మధ్య పెట్టి వంచుతూ చాలాసేపు కూర్చున్నాడు. లోపల అయిదుగురు, బయట ఫిరంగి గుండ్లు, మధ్యలో ఇంత ఉక్కు. ఏ చరిత్ర పాఠమూ దీన్ని ఇంత తేలికగా చెప్పలేదు.

మనుషుల బొమ్మలు మాత్రం పెట్టవద్దని మన పెద్దలు కొందరు అన్నారు. మేము వాదన పెట్టుకోలేదు. హ్యాచ్ మూతలు తెరిచి ఉంచి, పక్కన అయిదు సెంటీమీటర్ల అట్టముక్క నిలబెట్టాం. కొలత తెలియడానికి అది చాలు.

ఏ ట్యాంకు చేయాలనేది ఎంచుకోవడంలో మన ప్రాంతంతో సంబంధం చూసుకున్నాం. షెర్మన్‌తో మొదలుపెట్టింది అందుకే. నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కాంటింజెంటు గుర్రపు దళాల నుంచి పుట్టిన రెజిమెంటు దక్కన్ హార్స్. 1916 జూలైలో ఫ్రాన్సులో, హై వుడ్ అనే అడవి దగ్గర, వీరి పూర్వపు దళం గుర్రాల మీద బల్లేలతో మరతుపాకుల వైపు దూకింది. సరిగ్గా ముప్పై ఏళ్ళు కూడా తిరగకముందే, 1945లో, అదే రెజిమెంటు బర్మాలో షెర్మన్ ట్యాంకుల మీద మెయిక్టిలా వైపు సాగింది. బల్లెం పట్టినవాడి కొడుకు అదే రెజిమెంటులో చేరి స్టీరింగు కడ్డీలు పట్టి ఉండవచ్చు.

బర్మాలో వారు నడిపిన షెర్మన్ రకంలో ఒక విశేషం ఉంది. అంత పెద్ద ఇంజను అమెరికాలో తొందరగా దొరక్క, క్రైస్లర్ కంపెనీ అయిదు కారు ఇంజన్లను కలిపి ఒకే ఇంజనుగా బిగించింది. మొత్తం ముప్పై సిలిండర్లు. అది పట్టడానికి ట్యాంకు వెనుక భాగాన్ని దాదాపు 28 సెంటీమీటర్లు పొడిగించారు. మన నమూనాలో ఆ తేడా ఎనిమిది మిల్లీమీటర్లు. చక్రాల జతల మధ్య సందు కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది, అంతే. తెలియనివారికి అన్నీ ఒకటే షెర్మన్లు. ఆ ముప్పై సిలిండర్ల స్పార్కు ప్లగ్గులు మార్చిన మెకానిక్కుకు మాత్రం ఆ ఎనిమిది మిల్లీమీటర్లే మొదట కనిపిస్తాయి. నమూనాలో కొలత ఎందుకు తప్పకూడదో పిల్లలకు ఈ ఉదాహరణతోనే చెబుతాం.

నమూనాలో టరెట్, అంటే ఫిరంగి ఉండే పై గూడు, ఎత్తి పక్కన పెట్టవచ్చు. పిల్లలకు ఇదొక ఆట. నిజం ట్యాంకుకు ఇలా తీస్తారా అని అడిగితే, 1948లో మన సైన్యం చేసిన పని చెప్పాం. కాశ్మీరులోని జోజిలా కనుమ పదకొండు వేల అడుగులకు పైన ఉంది. అక్కడికి ట్యాంకులు వస్తాయని ఎదుటివారు ఊహించలేదు. ఊహించకుండా ఉండడానికే 7వ లైట్ కావల్రీ వారి స్టూవర్ట్ ట్యాంకుల టరెట్లు విప్పి, గుర్తుపట్టకుండా కప్పి, రహస్యంగా శ్రీనగర్ దాటించారు. బాల్తాల్ నుంచి కనుమ మీదికి ఉన్న కంచరగాడిదల బాటను ట్యాంకు పట్టే దారిగా మార్చింది మద్రాసు సాపర్లు. దక్షిణాది నాలుగు భాషలూ వినిపించే దళం అది, తెలుగువారూ అందులో ఉంటారు. నవంబరు 1న మంచులో ట్యాంకులు కనుమ ఎక్కాయి. గుర్రపు రౌతులు, దారి వేసే కూలివాళ్ళ పని తెలిసిన సైనికులు, ఇద్దరూ కలిస్తేనే అది జరిగింది.

ఇక అసలు సంగతికి వస్తాం. ట్యాంకు గురించి పుస్తకాల్లో ఉండేదంతా బయటి సంగతే. ఎంత బరువు, ఎంత వేగం, ఫిరంగి ఎంత దూరం కొడుతుంది. లోపల కూర్చున్న నలుగురు, అయిదుగురు ఏం చూశారు, ఏం విన్నారు అనేది వారి నోట వినవలసిందే. అది అడగడం తేలిక కాదు. మన పెద్దల్లో చాలామంది యుద్ధం గురించి అడిగితే “ఏముంది బాబూ, డ్యూటీ చేశాం” అని ముగిస్తారు. ఇంట్లో వాళ్ళకు కూడా అంతకు మించి చెప్పి ఉండరు.

మా జిల్లాలో ఒక పెద్దాయన ఉన్నారు. పేరు రాయవద్దన్నారు కాబట్టి పిల్లలు పిలిచినట్టే దఫేదార్ దాదా అందాం. ఆర్మర్డ్ కోర్‌లో, చెన్నై దగ్గర ఆవడిలో తయారైన విజయంత ట్యాంకు మీద లోడర్‌గా చాలా ఏళ్ళు చేశారు. కుడి చెవి వినపడదు, ఎడమ చెవి కొంచెం. మేము మొదటిసారి ఉత్త చేతులతో వెళ్ళి అడిగినప్పుడు అరగంటలో చాయ్ తాగి వచ్చేశాం. రెండోసారి పిల్లలు చేసిన విజయంత నమూనా తీసుకువెళ్ళారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, టరెట్ మీద ఎడమవైపు మూత దగ్గర వేలు పెట్టి, “ఇది నా చోటు బేటా” అన్నారు. ఆ రోజు మూడు గంటలు మాట్లాడారు.

ఆయన మాటల్లో తెలిసింది ఇది. విజయంతలో నలుగురు. ముందు కింద కుడివైపు డ్రైవర్, ఒంటరిగా. టరెట్‌లో కుడివైపు గన్నర్, అతని వెనుక కొంచెం ఎత్తులో కమాండర్. కమాండర్ మోకాళ్ళు గన్నర్ వీపుకు తగులుతూ ఉంటాయి. ఫిరంగికి అవతల, ఎడమవైపు, లోడర్. నలుగురిలో నిలబడి పనిచేసేవాడు అతనొక్కడే. పదిహేను, ఇరవై కిలోల గుండును అర నుంచి తీసి, తిప్పి, ఫిరంగి వెనుక నోట్లోకి తొయ్యాలి. చివరి తోపు అరచేతితో కాదు, పిడికిలితో. గుండు లోపలికి పోగానే ఫిరంగి మూత దానంతట అదే మూసుకుంటుంది, చాచిన వేళ్ళుంటే పోతాయి. “ఇప్పటికీ అలమారా తలుపు పిడికిలితోనే మూస్తాను, మా కోడలు నవ్వుతుంది” అన్నారాయన. పక్కనే ఉన్న కోడలు అప్పుడు నవ్వలేదు. ఇన్నేళ్ళలో కారణం ఆమెకు ఎవరూ చెప్పలేదట.

పేలిన తరువాత ఖాళీ ఇత్తడి తొడుగు వెనక్కి వచ్చి పడుతుంది. కాలికి తగిలితే కాలుతుంది. మందు పొగ టరెట్ నిండా కమ్ముకుంటుంది. రాజస్థాన్ ఎండలో ఉక్కుమీద చేయి వేయలేరు. లోపల లోడర్‌కు బయట ప్రపంచం దాదాపు కనపడదు, ఏం జరుగుతున్నదో చెవిలో వైర్‌లెస్ చెప్పేదే. ఆ వైర్‌లెస్ సెట్టు చూసుకోవలసిన పని కూడా అతనిదే. “కమాండర్ సాబ్ గొంతు వింటే చాలు, ముందున్నది చెట్టో ట్యాంకో తెలిసిపోయేది” అన్నారు.

ఆ తరువాత మేము అడిగే తీరు మార్చుకున్నాం. ‘ఎన్ని ట్యాంకులు కొట్టారు’ అని అడగడం లేదు. నీళ్ళ డబ్బా ఎక్కడ పెట్టేవారు, రోటీ ఎవరు తెచ్చేవారు, రాత్రి ఎక్కడ పడుకునేవారు, రంజాన్‌లో రోజా ఉన్నవారి పని మిగతావారు ఎలా సర్దుకునేవారు అని అడుగుతున్నాం. ఆ చివరి ప్రశ్నకు వచ్చిన జవాబులు వేరే వ్యాసానికి సరిపోతాయి. ఒక్కటి చెబుతాం: డ్రైవర్‌గా ఉన్న సర్దార్జీ సహ్రీ వేళకు లేపడానికి తన గడియారానికి అలారం పెట్టుకునేవాడట.

జ్ఞాపకం అంతా చరిత్ర కాదనే ఎరుక కూడా మాకు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీలో పోరాడిన బ్రిటిష్, అమెరికన్ సైనికులు ఎదురుపడిన ప్రతి జర్మన్ ట్యాంకునూ ‘టైగర్’ అన్నారు. రికార్డులు చూస్తే వాటిలో చాలావరకు మామూలు పాంజర్ నాలుగో రకం. మన దగ్గర 1965 గురించి అడిగితే పాకిస్తాన్ వైపు ప్రతి ట్యాంకూ ‘ప్యాటన్’. వారి దగ్గర షెర్మన్లు, షాఫీలు కూడా ఉన్నాయి. అబద్ధం చెబుతున్నారని దీని అర్థం కాదు. భయపెట్టిన పేరే గుర్తుంటుంది. అందుకని తేదీలు, అంకెలు రికార్డుల నుంచి తీసుకుంటాం. వాసన, చప్పుడు, భయం, నవ్వు వారి నుంచి తీసుకుంటాం. రెంటినీ కలపం.

ప్యాటన్ పేరు వచ్చింది కాబట్టి అబ్దుల్ హమీద్ గారి సంగతి. ఆయన ట్యాంకులో పనిచేసినవారు కాదు. 4వ గ్రెనేడియర్స్‌లో కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్. ఉత్తరప్రదేశ్ ఘాజీపూర్ జిల్లా ధాముపూర్‌లో దర్జీ కుటుంబంలో పుట్టారు. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ ప్రాంతంలోని అసల్ ఉత్తర్ దగ్గర జీపు మీద బిగించిన రీకాయిల్‌లెస్ ఫిరంగితో ప్యాటన్ ట్యాంకులను కూల్చి, 10వ తేదీన అమరులయ్యారు. పరమ వీర చక్ర వచ్చింది. ఇది మన పిల్లలందరికీ కంఠస్థమే. కానీ పిల్లలు జీపును, ప్యాటన్‌ను ఒకే కొలతలో చేసి ఒకే పలక మీద పెట్టాకే ఆ మాటల బరువు మాకు కూడా తెలిసింది. ప్యాటన్ ఇరవై ఆరు సెంటీమీటర్లకు పైన, జీపు తొమ్మిదిన్నర. ఫిరంగి పొడవు దాదాపు జీపంత. ఎదుటి ట్యాంకు నలభై అయిదు టన్నుల ఉక్కు, ఇటు జీపుకు కవచం లేదు, పైకప్పు లేదు. పైగా ఆ ఫిరంగి పేలితే వెనుక నుంచి మంట, దుమ్ము లేస్తాయి. ఎక్కడినుంచి కొట్టారో అందరికీ తెలిసిపోతుంది. కొట్టగానే చోటు మారాలి. ఆయన అలా చెరకు తోటల మాటున చోటు మార్చి మార్చి కొట్టారు. అదే పోరులో ఒక వైపు మన దక్కన్ హార్స్ షెర్మన్లు, లెఫ్టినెంట్ కల్నల్ అరుణ్ వైద్య కింద, మరో వైపు 3వ కావల్రీ సెంచూరియన్లు ఉన్నాయి. నీళ్ళు పెట్టిన పొలాల్లో ప్యాటన్లు దిగబడ్డాయి. ఈ పలక ఇప్పుడు మన ఆఫీసు వరండాలో ఉంది, వచ్చినప్పుడు చూడగలరు.

అదే యుద్ధంలో 18వ కావల్రీలో షెర్మన్ ట్యాంకు మీద పోరాడి వీర చక్ర పొందిన రాజస్థాన్ ఝున్‌ఝునూ వాసి అయూబ్ ఖాన్ గారు తరువాత అక్కడి నుంచే రెండుసార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు. సియాల్‌కోట్ వైపు పూనా హార్స్ సెంచూరియన్లను నడిపించి సెప్టెంబరు 16న ప్రాణమిచ్చిన లెఫ్టినెంట్ కల్నల్ తారాపోర్ గారు పార్సీ. కానీ సైనిక జీవితం మొదలైంది మన హైదరాబాద్ సంస్థాన సైన్యంలోనే. శిక్షణలో ఎవరో విసిరిన గ్రెనేడు పక్కనే పడితే ఆయన దాన్ని తీసి బయటికి విసిరి గాయపడ్డారని, అది చూసిన సేనాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ మెచ్చుకుని, ఆయన కోరిక మీద పదాతి దళం నుంచి హైదరాబాద్ లాన్సర్స్‌కు మార్చారని చెబుతారు. 1965లో ఆయన గాయపడి కూడా వెనక్కి వెళ్ళడానికి ఒప్పుకోలేదు. పరమ వీర చక్ర ఆయనకూ వచ్చింది. హైదరాబాదులో చదివే మన పిల్లల్లో ఒక్కరికీ ఈ పేరు తెలియకపోవడం మమ్మల్ని బాధపెట్టింది.

పేర్లు మిగిలేది కమాండర్లవే. 1971 డిసెంబరు 16న బసంతర్ దగ్గర ఇరవై ఒక్కేళ్ళ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ‘ఫమగుస్తా’ అనే పేరున్న సెంచూరియన్‌లో చివరి దాకా పోరాడారని అందరికీ తెలుసు. ట్యాంకు అంటుకున్నా, ఫిరంగి పనిచేస్తున్నది కాబట్టి దిగనని వైర్‌లెస్‌లో చెప్పారు. అదే ట్యాంకులో వైర్‌లెస్ చూసే సవార్ నంద్ సింగ్ ముందే చనిపోయారు. డ్రైవర్ ప్రయాగ్ సింగ్, గన్నర్ నాథూ సింగ్ బ్రతికి బయటపడ్డారు. నమూనాలో మూడు మూతలు తెరిచినప్పుడు పిల్లలు నాలుగు పేర్లూ చెప్పాలని నియమం పెట్టాం.

ఆ కథ అక్కడ ముగియలేదు. 2001లో అరుణ్ తండ్రి, రిటైర్డ్ బ్రిగేడియర్ ఖేతర్‌పాల్, దేశ విభజనకు ముందు తాను పుట్టిన సర్గోధా చూడడానికి పాకిస్తాన్ వెళ్ళారు. లాహోర్‌లో ఆయనకు ఆతిథ్యమిచ్చిన బ్రిగేడియర్ ఖ్వాజా ముహమ్మద్ నాసర్, తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి, బసంతర్‌లో మీ అబ్బాయి ట్యాంకును కొట్టింది నా ట్యాంకే అని చెప్పారు. ముప్పై ఏళ్ళు లోపల పెట్టుకున్న మాట. ఆ తండ్రి కోపగించుకోలేదు. సైనికులు లోపల దాచుకున్నది ఎంత బరువో చెప్పడానికి మాకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ తెలియదు. చెప్పుకునే అవకాశం అందరికీ రాదు.

1965లో ఇరవై ఏళ్ళ సవార్‌కు ఇప్పుడు ఎనభై దాటాయి. దక్షిణాది యువకులు ఎక్కువగా చేరే 16వ లైట్ కావల్రీ ఆ యుద్ధంలో సియాల్‌కోట్ వైపు సెంచూరియన్ల మీద ఉంది. అందులో చేసిన తెలుగువారి ఇళ్ళు మన చుట్టుపక్కల జిల్లాల్లో ఉండే ఉంటాయి. మేము ఇంతవరకు రికార్డు చేసింది నలుగురినే. అయిదో ఆయన ఇంటికి నమూనా తీసుకుని వెళ్ళేసరికి నలభై రోజుల ఫాతెహా జరుగుతున్నది. ఆయన కొడుకు గోడ మీది ఫొటో చూపించి, నాన్నగారు ఏ ట్యాంకు మీద చేశారో మాకు తెలియదండీ అన్నారు. ఫొటోలో వెనుక కనిపించే చక్రాలు చూసి మా అబ్బాయి అది విజయంత అని చెప్పాడు. ఆ కుటుంబానికి మేము ఇవ్వగలిగింది ఆ ఒక్క మాటే.

కాబట్టి దాతలను ఈసారి కోరేది డబ్బు కాదు. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ మసీదులో, మీ పొరుగున హిందూ, క్రైస్తవ, సిక్కు కుటుంబాల్లో ఆర్మర్డ్ కోర్‌లో చేసిన పెద్దలు ఉంటే కబురు పంపండి. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో సైనిక శకటాల తయారీ పనిచేసి రిటైరైనవారైనా సరే, వారికి తెలిసింది వేరే రకం. పాత ఫొటో ఉంటే వెనుక ఏం రాసి ఉందో కూడా చూడండి. ఏ ట్యాంకు అని తెలిస్తే ఆ నమూనా చేసుకుని వస్తాం, దానికి మూడు నాలుగు ఆదివారాలు పడుతుంది. వారు పెద్దవయసువారైతే ముందే చెప్పండి, పిల్లలు మిగతా పని ఆపి అది మొదలుపెడతారు. చెవి వినపడకపోయినా ఫరవాలేదు. అడిగేది కాగితం మీద పెద్ద అక్షరాలతో, తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి తెస్తాం.